ఏడాదంతా వ్యాన్‌లో నివాసం: ఎండ, చెమ్మ, కార్తెల లెక్క

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు, మీ శ్రీమతి హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇద్దరికీ ఇంటి నుంచి పనిచేసే వీలుంది. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, దాన్ని ఇల్లుగా మార్చుకుని, ఒక ఏడాది పాటు అడవులకూ కొండలకూ దగ్గరగా ఉండాలనుకుంటున్నారు. బండిలో ఏసీ పెట్టించాలా, ఏ నెలలో ఎక్కడ ఉండాలి, అడవిలో ఆపుకోవచ్చా, చట్టపరమైన చిక్కులేమైనా ఉన్నాయా అనేవి మీ సందేహాలు.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. గడచిన ఆరేళ్లుగా నేనూ నా భార్యా ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు వ్యాన్‌లోనే ఉంటున్నాం. ఈ అనుభవంతో ముందుగా చెప్పవలసిన మాట ఒక్కటే: మీరు చూసి ముచ్చటపడిన వీడియోల్లో అధిక భాగం అమెరికాలోనో యూరప్‌లోనో తీసినవి, అక్కడివాళ్లు చలిని తట్టుకోవడానికి బండి కట్టుకుంటారు. మన దగ్గర చలి ఆరు వారాల ముచ్చట. మనం తట్టుకోవలసినవి మార్చి నుంచి జూన్ దాకా ఎండ, ఆ తరువాత నవంబరు దాకా చెమ్మ. బండి కట్టించే పద్ధతి, తిరిగే దారి, పెట్టే ఖర్చు ఈ రెండింటిని బట్టి నిర్ణయించుకోవాలి. ఏ జలపాతం పక్కన ఆపితే ఫొటో బాగుంటుందనేది ఆ తరువాతి సంగతి.

ఎండ లెక్క ఒకసారి చూడండి. ట్రావెలర్ పైకప్పు సుమారు ఎనిమిది చదరపు మీటర్లు ఉంటుంది. నడివేసవిలో మధ్యాహ్నం పూట ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు ఒక కిలోవాట్, అంటే మీ పైకప్పు మీద ఎనిమిది కిలోవాట్ల పొయ్యి మండుతున్నట్టే. పైగా మే రెండో వారంలో హైదరాబాదు మీదుగా సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే పడదు. ఆ రోజుల్లో పక్క గోడల మీద ఎండ తక్కువ, దెబ్బంతా కప్పు మీదే. అందువల్ల ఇన్సులేషన్‌కు, అంటే వేడిని ఆపే పొరకు, మీ దగ్గర ఉన్న డబ్బులో సగానికి పైగా కప్పుకే పెట్టండి. కప్పుకు వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటు వేయించి, సోలార్ పలకలను కప్పుకు అంటించకుండా మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో బిగించండి. అప్పుడు పలకలే గొడుగులా పనిచేస్తాయి, కింద గాలి ఆడుతుంది. మా మొదటి బండికి పలకలను నేరుగా రేకుకు అంటించి ఇచ్చారు. ఏప్రిల్‌లో లోపలి కప్పు మీద చెయ్యి పెడితే అట్లపెనంలా ఉండేది.

ఇన్సులేషన్‌కు గాజు ఉన్ని మాత్రం వాడకండి, అది చెమ్మ పీల్చుకుని బరువెక్కి కిందికి జారుతుంది, దాని వెనక రేకు తుప్పు పడుతుంది. లోపలి చిన్న చిన్న గాలి గదులు మూసుకుని ఉండే నురుగు రకం, అంటే నైట్రైల్ రబ్బరు షీటు వంటిది, రేకుకూ దానికీ మధ్య గాలి లేకుండా అంటించాలి. గాలి ఖాళీ మిగిలితే ఆ ఖాళీలోనే రాత్రిపూట నీరు చెమరుస్తుంది. ఇద్దరు మనుషులు నిద్రపోతూ రాత్రంతా వదిలే ఊపిరిలో, చెమటలో కలిపి అర లీటరు నుంచి లీటరు దాకా నీరు ఉంటుంది. కిటికీలన్నీ మూసి పడుకుంటే ఆ నీరంతా ఉదయానికి రేకు మీదా, అద్దాల మీదా, మీ పరుపు అడుగునా ఉంటుంది.

ఏసీ గురించి అడిగారు. ఒక టన్ను ఏసీ ఆ చిన్న గదిలో గంటకు ఒక యూనిట్‌కు కాస్త అటూఇటూగా కరెంటు తింటుంది, అంటే రాత్రికి ఆరు నుంచి ఎనిమిది యూనిట్లు. మీరు కొనాలనుకుంటున్న 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నా ఇచ్చేది 1.28 యూనిట్లు. వంద వాట్ల పలక మంచి ఎండలో రోజుకు ఇచ్చేది దాదాపు 0.4 యూనిట్. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఏసీ మీద ఆశ దానంతటదే చల్లారుతుంది. ఎయిర్ కూలర్ సంగతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. గాలి పొడిగా ఉండే తెలంగాణలో, 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉన్నప్పుడు, మంచి కూలర్ గాలిని 30 డిగ్రీల లోపుకు దించగలదు. అదే కోస్తాలో 36 డిగ్రీలకు 65 శాతం తేమ ఉంటే కూలర్ ఎంత తిరిగినా 31, 32 కన్నా దిగదు, పైగా లోపల ఉక్కపోత పెరుగుతుంది. అందుకే మేము రెండు 12 వోల్టుల ఫ్యాన్లతో సరిపెట్టుకున్నాం: నీడ వైపు కిటికీ దగ్గర ఒకటి గాలిని లోపలికి తోస్తుంది, కప్పులో ఉన్నది బయటికి లాగుతుంది. ఏప్రిల్ దాటాక అది కూడా చాలదని ముందే చెబుతున్నాను.

చాలకపోతే చేయగలిగింది కొండెక్కడం. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సముద్ర మట్టాన ఉన్న విశాఖ నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకు చేరితే ఆరు డిగ్రీల తేడా వస్తుంది, రాత్రి అయితే ఇంకా తేలికగా ఉంటుంది. ఇల్లు కదలని మనిషికి ఈ సదుపాయం ఉండదు, చక్రాల మీద ఉన్న ఇంటికి ఇదే అసలైన లాభం. మా నాన్నగారు కార్తెల ప్రకారం పొలం పని చేసేవారు. నేను కార్తెల ప్రకారం బండి నడుపుతున్నాను. ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. వాతావరణం ఎప్పుడు మొగ్గు మారుస్తుందో నెలల కన్నా కార్తెలే నాకు బాగా చెబుతున్నాయి.

మొదలుపెట్టడానికి మంచి సమయం దీపావళి తరువాత, స్వాతి కార్తె ముగిసి విశాఖ కార్తె ప్రవేశించే రోజులు, అంటే నవంబరు మొదటి వారం. అయితే ఆ సమయంలో కోస్తాకు వెళ్లకండి. బంగాళాఖాతంలో పెద్ద తుపానుల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది, మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎత్తుగా, పలుచగా ఉండే మన బండి గాలికి తెరచాప లాంటిది. కనుక నవంబరంతా తీరానికి దూరంగా, వికారాబాదు అనంతగిరి వైపో, ఆదిలాబాదు కెరమెరి ఘాట్ వైపో ఉండండి. సీతాఫలాలు పండేదీ అప్పుడే. వరి కోతలు జరుగుతుంటాయి కాబట్టి పొలాల్లోంచి బయటపడ్డ ఎలుకలు వెచ్చటి ఇంజన్‌లోకి ఎక్కి వైర్లు కొరుకుతాయి. రాత్రి బానెట్ ఎత్తి ఉంచితే మరుగు, వెచ్చదనం రెండూ పోయి వాటి బెడద చాలా వరకు తగ్గుతుంది.

డిసెంబరు, జనవరి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఆ రెండు నెలలు ఎవరైనా వ్యాన్‌లో ఉండగలరు. అరకు, లంబసింగి, పాడేరు వైపు వెళ్లండి. లంబసింగిలో తెల్లవారుజామున ఒక్క అంకె డిగ్రీలు మామూలే. ఒక చిన్న చిట్కా మాత్రం గుర్తుంచుకోండి: చల్లగాలి బరువైనది కనుక నీళ్లలా కిందికి పారి లోయ అడుగున నిలుస్తుంది. మంచు పట్టేదీ అక్కడే. లోయలో కాక, కాస్త పైన, తూర్పుకు తెరుచుకున్న వాలు మీద బండి ఆపితే రాత్రి రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండడమే కాక, ఉదయం ఎండ గంట ముందే తగులుతుంది.

చలికాలంలో ఒక ప్రాణాపాయం ఉంది, దాన్ని మాత్రం నిదానంగా చదవండి. చలిగా ఉందని కుంపటి లోపల పెట్టుకోవడం, ఇంజన్ వేసి ఉంచి నిద్రపోవడం, బండి పక్కనే జనరేటర్ నడపడం, ఈ మూడింటిలో ఏది చేసినా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మెలకువ కూడా రానివ్వదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన ఈ వాయువే కారణమని తేలింది. మొదటి ఏడాది ఏజెన్సీలో ఒక పెద్దాయన మా మీద జాలితో నిప్పుల కుంపటి తెచ్చి, "రాత్రికి లోపలెట్టుకోండి బాబూ, సలేస్తాది" అన్నారు. ఆయన ఇంట్లో కప్పు సందుల్లోంచి పొగ పోతుంది, ఇబ్బంది లేదు. మన రేకు డబ్బాలో పోదు. ఆయనతో పాటే బయట కూర్చుని చలి కాచుకున్నాం, పడుకునే ముందు కుంపటి ఆయన అరుగు మీదే వదిలి వచ్చాం. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడక ఎత్తులో బిగించండి. దాని ధర మీ పరుపు ధరలో చిన్న భాగం కూడా ఉండదు.

సంక్రాంతి తరువాత తుపానుల భయం తగ్గుతుంది కాబట్టి తీరానికి దిగవచ్చు. జనవరి, ఫిబ్రవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది, రోడ్డు మీద నుంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి, దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెట్టి ఉంటాయి. ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది గనుక తీరంలో రెండు వారాలకు మించి ఉండకండి, లోపలికి రాగానే బండి అడుగును మంచినీళ్లతో కడిగించండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలన్న మాట వ్యాన్‌లో అక్షరాలా తెలుస్తుంది, ఆ వారంలోనే మేము రెండో దుప్పటి అటక మీద పెడతాం. నల్లమల అంచుల్లో మోదుగలు పూసి కొండలు ఎర్రబడేది ఈ రోజుల్లోనే, మార్చి వచ్చేసరికి ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. మీ మూడో ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాను. అడవిలో బండి ఆపుకుని పడుకోవచ్చా అంటే, కూడదు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ఉండడం నేరం. అభయారణ్యమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వర్తిస్తుంది, లోపలికి ప్రవేశించడానికే అనుమతి పత్రం కావాలి, నిప్పు రాజేయడం విడిగా మరో నేరం. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే అడవి రోడ్డును మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసివేస్తారు. ఆ గేట్లు ఎలాగోలా దాటి మధ్యలో ఆగుదామన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి, అది పులుల అభయారణ్యం.

మేము అనుసరించే పద్ధతి వేరు. అడవికి ఆనుకున్న ఊళ్లో, పట్టా భూమిలో, ఆ రైతు అనుమతి తీసుకుని ఆగుతాం. పగలు అనుమతి ఉన్న దారుల్లో అడవిలోకి వెళ్లి వస్తాం. పక్షులు, చెట్లు చూడటానికి ఊరి పొలిమేరే లోపలి కన్నా మెరుగని నా అనుభవం, ఎందుకంటే అడవీ పొలమూ కలిసే అంచున రెండు రకాల ప్రాణులూ ఉంటాయి. అయితే ఇప్పచెట్టు కింద మాత్రం రాత్రి బండి పెట్టకండి. పూలు తెల్లవారుజామున రాలతాయి, వాటికోసం మనుషుల కన్నా ముందు ఎలుగుబంట్లు వస్తాయి. శ్రీకాకుళం ఉద్దానంలో జీడి, పనస తోటల పక్కన ఆగినా ఇదే జాగ్రత్త అవసరం. ఎండాకులు పరచుకున్న చోట బండి ఆపకండి, కాలిన సైలెన్సర్ ఒక్కటి చాలు అడవి అంటుకోవడానికి.

ఏప్రిల్ మధ్యలో అశ్విని కార్తె మొదలవుతుంది, అక్కడి నుంచి రోహిణి ముగిసే జూన్ 7 దాకా వ్యాన్ జీవితానికి పరీక్ష. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, రేకు పెట్టె సంగతి చెప్పాలా. వెయ్యి మీటర్ల ఎత్తు కూడా ఈ కాలంలో సరిపోదు. హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు, కింద మదనపల్లె 700 మీటర్ల దాకా ఉంటుంది, తేడా మూడున్నర డిగ్రీలే. రాత్రి హాయిగా ఉంటుంది గానీ మధ్యాహ్నం బండిలో కూర్చుని కంప్యూటర్ ముందు పనిచేయలేరు. రెండు వేల మీటర్లు దాటితేనే అసలు ఉపశమనం. మనకు దగ్గరలో అంటే నీలగిరులు, కొడైకెనాల్. అక్కడికి వెళ్లే వాహనాలకు 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. కాబట్టి బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో తీసుకోండి, కొండ మీద రాత్రి ఆపుకునే చోటు కూడా ముందే మాట్లాడుకోండి.

అంత దూరం వెళ్లే ఓపిక లేకపోతే ఆ ఎనిమిది వారాలు బండిని నీడలో పెట్టి ఇంట్లో ఉండండి. మేము ఏటా చేసేది అదే. ఏడాదంతా ఒక్క రోజు కూడా ఇంట్లో ఉండకూడదన్న పట్టుదలతో మా తరువాత మొదలుపెట్టిన ఒక జంట మే నెలలో వడదెబ్బ తిని ఆసుపత్రి పాలయ్యారు. ఆ పట్టుదల వల్ల వాళ్లు చూసిన అదనపు ప్రకృతి ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎండాకాలపు సాయంత్రాల్లో వచ్చే పిడుగుల గురించి ఒక మాట. ఉరిమినప్పుడు రేకు బండి లోపల, తలుపులు, అద్దాలు మూసుకుని, లోహాన్ని తాకకుండా కూర్చోవడం చెట్టు కింద నిలబడటం కన్నా ఎన్నో రెట్లు సురక్షితం. దానికి కారణం టైర్ల రబ్బరు అని చాలామంది అనుకుంటారు. నిజానికి మనల్ని కాపాడేది చుట్టూ ఉన్న లోహపు గుల్ల, విద్యుత్తు దాని బయటి వైపు నుంచి నేలకు దిగిపోతుంది. ఫైబర్ కప్పు వేయించుకున్న బండికి ఈ రక్షణ అంతగా ఉండదు.

ఇక వానాకాలం. మృగశిర చినుకులు పడి, ఆరుద్ర పురుగులు ఎర్రగా నేల మీద పాకుతుంటే ఎవరికైనా పచ్చటి కొండల్లోకి పోవాలనిపిస్తుంది. మొదటి ఏడు మేమూ అలాగే జూలైలో మారేడుమిల్లి వెళ్లాం. మూడు వారాలు సూర్యుణ్ని చూడలేదు. సోలార్ పలకలు మామూలులో నాలుగో వంతు కూడా ఇవ్వలేదు. డబ్బాలో ఉప్పు నీరుకారింది, అప్పడాలు వేయించకుండానే మెత్తబడ్డాయి, నా పుస్తకాల అట్టల మీద తెల్లటి బూజు పట్టింది. పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లటి మచ్చలు. కప్పు ఫ్యాన్ చుట్టూ బాడీ కట్టినవాళ్లు వేసిన సీలు ఎండకు పగిలి ఉన్న సంగతి ఆ వానలో బయటపడింది, నీరు లోపలి ప్లైవుడ్‌లోకి దిగి అలమర తలుపులు ఉబ్బి మూసుకోకుండా పోయాయి. నా భార్యకు దగ్గు పట్టుకుని నెల దాటినా తగ్గలేదు. ఘాట్ రోడ్డు మీద మట్టిపెళ్లలు జారి రెండు రోజులు కదలలేకపోయాం. అక్కడి అందం గురించి నాకు ఫిర్యాదు లేదు, అలాంటి పచ్చదనం నేను ఎక్కడా చూడలేదు. కానీ అది గోడలున్న గదిలో ఉండి, రోజుకు నాలుగు గంటలు వెళ్లి చూడవలసిన పచ్చదనం.

మరుసటి ఏటి నుంచి వానలప్పుడు వానచాటు ప్రాంతానికి వెళ్లడం నేర్చుకున్నాం. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేయడం వల్ల అనంతపురం వైపు ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. జూలై, ఆగస్టులో అక్కడ మబ్బు ఉంటుంది, గాలి ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది, వాన మాత్రం అప్పుడప్పుడూ ఒక జల్లు. రైతుకు అది శాపం, వాళ్ల కష్టం మీద మన సౌకర్యం కట్టుకుంటున్నామన్న ఇబ్బంది నాకు ఎప్పుడూ ఉంటుంది. వ్యాన్‌లో ఉండేవాడికి మాత్రం తెలుగు నేల మీద ఆ రెండు నెలలకు మదనపల్లె, హార్స్‌లీ హిల్స్, పెనుకొండ చుట్టుపక్కలను మించిన చోటు లేదు. ఒకప్పుడు క్షయ రోగులకు పొడి గాలి మంచిదని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానటోరియం కట్టింది ఊరికే కాదు. అక్కడ ఒక చింతతోపులో ఆగినప్పుడు తోట యజమాని మా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏమప్పా, ఇల్లూ వాకిలీ లేదా మీకు?" అని అడిగారు. ఉందన్నాను. ఇంకా ఆశ్చర్యపోయారు. నెలా పదిరోజులు ఆ తోపులోనే ఉన్నాం.

చెమ్మను తట్టుకునేలా బండి కట్టించుకోవడానికి నేను నేర్చుకున్నవి ఇవి. లోపలి పనికి నీటిని తట్టుకునే బీడబ్ల్యూపీ రకం ప్లైవుడ్ గానీ అల్యూమినియం చట్రం గానీ వాడండి, ఎండీఎఫ్ చెక్కను దగ్గరకు రానివ్వకండి. పరుపు కింద పలక వేయకుండా రెండేసి అంగుళాల ఖాళీతో పట్టీలు వేయించండి. కప్పుకు చేసే ప్రతి రంధ్రమూ ముందుముందు కారే చోటే అనుకుని, రంధ్రాలు వీలైనంత తగ్గించండి, సీళ్లను ఏటా మే నెలలో, అంటే మృగశిరకు ముందే, పరీక్షించి మళ్లీ వేయించండి. వాన పడుతున్నా ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచగలిగేలా బయట చిన్న చూరు పెట్టించండి. వంట బయట, గొడుగు కింద చేసుకోండి. అన్నం ఒకసారి లోపల వండితే ఆ ఆవిరి ఆరడానికి ఒక పూట పడుతుంది.

బండి ఆపే నేల గురించి కూడా వానాకాలంలోనే తెలుసుకోవాలి. మబ్బు పట్టినప్పుడు నల్లరేగడి మీద బండి ఆపకండి. కర్నూలు జిల్లాలో ఒక రాత్రి వానకు మా నాలుగు చక్రాలూ సగం దిగిపోయాయి, మరునాడు ట్రాక్టరు వచ్చి లాగింది, ముందు బంపరు వదిలేసి వచ్చాం. మొరం, గరుసు, ఎర్ర చల్కా నేలలు నీటిని త్వరగా వదిలేస్తాయి. నది ఒడ్డున మాత్రం ఎలాంటి నేలైనా సరే ఆగకండి. మీ నెత్తిన చుక్క కూడా పడకపోవచ్చు, ఎగువన ఎక్కడో కురిసిన వాన రాత్రికి రాత్రి మీ దగ్గరకు వస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అంత పెద్ద వరద అక్కర్లేదు, ఒక మామూలు వాగు పొంగినా మన బండి తేలిపోతుంది.

నీళ్ల విషయంలో మా ఇద్దరికి రోజుకు 25 నుంచి 30 లీటర్లు సరిపోతున్నాయి, వంద లీటర్ల ట్యాంకు మూడు నాలుగు రోజులు వస్తుంది. అంతకన్నా పెద్ద ట్యాంకు పెడితే ప్రతి లీటరూ కిలో బరువు, ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. వాడుక నీటికి బోరు నీళ్లు చాలు, తాగే నీటిని ఊళ్లలోని వాటర్ ప్లాంట్లలో 20 లీటర్ల క్యాన్లలో పట్టించుకోండి. ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో బోరు నీటిని మరగబెట్టి తాగితే సరిపోతుందనుకోవద్దు. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీరు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది. మరుగుదొడ్డికి నీళ్లు వాడని పద్ధతే మేలు: మూత్రం విడిగా పోయే ఏర్పాటు, మిగతాదానిపై రంపపు పొట్టు లేదా కొబ్బరి పొట్టు. పొడిగా ఉన్నంత వరకు వాసన రాదు. ఏజెన్సీలో వానలప్పుడు మలేరియా ఉంటుంది. తలుపుకూ కిటికీలకూ దోమల జాలీ బండితో పాటే కట్టించండి. జ్వరం వస్తే మూడో రోజు దాకా ఆగకుండా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి.

మీ ఉద్యోగాల సంగతి చూస్తే, రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు ఫ్యాన్లు, దీపాలు, చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ కలిపి రోజుకు సుమారు ఒకటిన్నర యూనిట్ అవుతుంది. దానికి 400 వాట్ల పలకలు, 200 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఛార్జయ్యే ఏర్పాటు ఉంటే చాలు. పలకల కోసం బండిని ఎండలో ఆపడం మాత్రం కొత్తవాళ్లంతా చేసే పొరపాటు. కప్పు మీద సగం, విడిగా పది మీటర్ల తీగతో కింద పరిచే పలకలు సగం పెట్టుకుంటే, బండి వేపచెట్టు నీడలో ఉంటుంది, పలక ఎండలో ఉంటుంది. నడి చలికాలంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు మన దగ్గర సుమారు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, బల్లపరుపు పలక నాలుగో వంతు నష్టపోతుంది, కింది పలకను దక్షిణానికి వాల్చి ఆ నష్టం పూడ్చుకోవచ్చు. సెల్ సిగ్నల్ కోసం రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు తప్పనిసరి. ఏజెన్సీ లోపలి ఊళ్లలో ఏదీ దొరకని రోజులుంటాయి, ముఖ్యమైన మీటింగులు ఉన్న వారాల్లో పాడేరు, అరకు వంటి మండల కేంద్రాలు దాటి వెళ్లకండి.

చట్టం విషయం చివరికి ఉంచాను గానీ డబ్బు కట్టే ముందు చూసుకోవలసింది ఇదే. సీట్లు పీకి పడకలు వేయగానే బండి ఆర్‌సీలో రాసి ఉన్నదానికి భిన్నంగా మారుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ దీన్ని అడ్డుకుంటుంది, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. పెనాల్టీ ఒక ఎత్తు, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేయడం ఇంకో ఎత్తు. మా మొదటి బండిని కట్టినవారు "అవన్నీ చూసుకుంటాం సార్" అన్నారు, ఏదీ చూసుకోలేదు. ఒక తనిఖీలో పట్టుబడి, బండిని మూడు వారాలు వదులుకుని, చివరికి అమ్మేశాం. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందిన బాడీ కట్టేవారి దగ్గరే చేయించుకోండి, లేదా ఇప్పటికే ఆర్‌సీలో క్యారవాన్ అని ఉన్న పాత బండి వెతకండి. మాట నమ్మకండి, ఆర్‌సీ చూశాకే మిగతా సొమ్ము ఇవ్వండి.

ఊళ్లలో ఆగేటప్పుడు చీకటి పడకముందే చేరండి, సర్పంచికో, ఊరి పెద్దకో కనిపించి ఎవరో ఏమిటో చెప్పండి, వీలైతే పోలీస్ స్టేషన్‌లో ఒక మాట వేయండి. చీకట్లో తెర వేసుకుని నిలబడి ఉన్న తెల్ల వ్యాన్‌ను చూస్తే పిల్లలున్న ఏ ఊరైనా భయపడుతుంది, ఆ భయం సహజం. మీ శ్రీమతి ముందు దిగి పలకరిస్తే పని సగం తేలికవుతుందని నా భార్య చెప్పమంది.

బండి కొనే ముందు ఒక పని చేయండి. కొనకుండానే, వచ్చే రోహిణి కార్తెలో అద్దెకు ఒక టెంపో ట్రావెలర్ తీసుకుని వికారాబాదు అనంతగిరిలో నాలుగు రోజులు ఉండండి. లోపల ఒక థర్మామీటరు, బయట నీడలో ఒకటి పెట్టి, ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటలకు రెండూ రాసుకోండి. ఆ పన్నెండు జతల అంకెలు నాకు పంపితే, మీ కప్పుకు ఎంత మందం ఇన్సులేషన్ కావాలో, మీకు ఎంత ఎత్తున్న కొండ అవసరమో లెక్క కట్టి చెబుతాను.